కళ్ళు లేని కార్మికుణ్ణి రెప్ప ఆర్పమంటున్నారు



కొన్ని నెలల కిందట మన యూనియన్ పాత సభ్యుడొకాయన ఆఫీసుకు వచ్చారు. మిల్లులో సాంచా ఖాతాలో ముప్పయి ఏండ్లు పని చేసిన మనిషి. పని చేసే రోజుల్లోనే నాడె ఎగిరి వచ్చి తగిలి ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను మొన్న మొన్నటి దాకా సాయం చేసింది. షుగరు వ్యాధి ముదిరి అదీ పోయింది. మనవడి భుజం మీద చెయ్యి వేసి, మన ఆఫీసు మేడ మెట్లు ఒక్కొక్కటే తడుముకుంటూ ఎక్కి వచ్చి కూర్చున్నారు.

"తమ్మీ, నేను బతికే ఉన్న. మీ అందరికీ కనబడుతున్న. ఆ ఫోనుకే కనబడుతలేను" అన్నారు.

సంగతేమిటంటే, పెన్షన్ తీసుకునే మనిషి ఏడాదికొకసారి తాను బతికి ఉన్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకుంటే పెన్షన్ నిలిచిపోతుంది. వెనుకట ఇది ఒక కాగితం. బ్యాంకు మేనేజరు ముందు నిలబడితే మొహం చూసి సంతకం పెట్టేవాడు. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం దీన్ని కంప్యూటర్‌లోకి తెచ్చింది. వేలిముద్ర వేస్తే చాలునన్నది. మన వాళ్ళ వేలిముద్రల సంగతి మీకు తెలియంది కాదు. ముప్పయి ఏండ్లు నూలు దారం వేళ్ళ మధ్య నుండి పోయాక గీతలేం మిగులుతాయి? ఆయన వేలిని యంత్రం ఒప్పుకోలేదు. అట్లయితే మొహం చూపించమన్నారు. 2021 నవంబరు నుండి ఆ పద్ధతి కూడా వచ్చింది. ఫోనులో ఒక గుండ్రటి గీత కనబడుతుంది. మొహం దాని లోపల పెట్టి రెప్ప ఆర్పాలి. రెప్ప ఆర్పితేనే ఇది ఫోటో కాదు, ప్రాణమున్న మనిషి అని ఫోను నమ్ముతుంది.

ఆయనకు ఆ గుండ్రటి గీత ఎక్కడ ఉన్నదో తెలియదు. ఎడమ వైపున్నది గాజు కన్ను. కుడి రెప్ప సగం దిగి ఉంటుంది, కదలదు. సేవా కేంద్రం కుర్రవాడు ఆయన గడ్డం పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి నాలుగుసార్లు ప్రయత్నం చేశాడు. నాలుగుసార్లూ ఎర్ర అక్షరాలే వచ్చాయి. మరునాడు రమ్మన్నాడు. మరునాడూ అంతే. మూడవనాడు కచ్చేరికి పోతే, "అంతా ఆన్‌లైన్ అయింది కాకా, ఇక్కడ కాగితం తీసుకోం" అన్నారు. మూడు రోజుల ఆటో కిరాయి, మనవడి మూడు రోజుల పగారు పోయాయి. ఇంతా చేసి ఆ పెన్షన్ ఎంత? 2014 సెప్టెంబరులో కనీసం వెయ్యి రూపాయలని నిర్ణయించారే, దానికి కాస్త పైన.

సేవా కేంద్రం కుర్రవాడి మీద మాకేమీ కోపం లేదు. వాడూ మనలాగే రెక్కలాడించుకొని బతికేవాడు. ఈ దేశంలో కళ్ళు లేని మనిషి కూడా పెన్షన్ తీసుకుంటాడనే ఆలోచన, ఆ యంత్రాన్ని తయారు చేయించిన పెద్దలకు ఎందుకు రాలేదన్నదే మా ప్రశ్న.

ప్రభుత్వ వెబ్‌సైట్ల గురించి మిల్లు కార్మికుల పత్రికలో రాయడం ఎందుకు, అది చదువుకున్నోళ్ళ గొడవ గదా అని కమిటీలోనే ఒకరిద్దరు అన్నారు. వారికి జవాబు చెప్పవలసి ఉన్నది.

షోలాపూర్ తూర్పు పేటల్లోనైనా, భివండి పద్మానగర్‌లోనైనా, ఇచల్‌కరంజిలోనైనా యాభై దాటిన సాంచా కార్మికుడితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. సాంచాల మధ్య చప్పుడు వంద డెసిబెల్‌ల దరిదాపుల్లో ఉంటుంది. ఎనిమిది గంటల పనికి ఫ్యాక్టరీ రూల్స్ పెట్టిన హద్దు 90. మన కార్ఖానాల్లో పాళీ పన్నెండు గంటలు. చెవులు పోక ఏమవుతాయి? చప్పుడు వల్ల వచ్చే చెవుడు వృత్తి వ్యాధుల షెడ్యూలులో రాసి ఉన్నదే. ఇక కార్డింగ్ యంత్రం పళ్ళలో, పళ్ళ చక్రాల మధ్య, పట్టా కింద పోయిన వేళ్ళ లెక్క ఎవరు చెప్పగలరు? పాత నష్టపరిహార చట్టం షెడ్యూలు మన పాత కార్యకర్తలకు కంఠతా వచ్చు. బొటనవేలు పోతే 30 శాతం. ఒక చేతి నాలుగు వేళ్ళు పోతే 50 శాతం. ఒక కన్ను పూర్తిగా పోతే 40 శాతం. అవయవానికి ఇంత అని వెల కట్టి అచ్చు వేసిన ప్రభుత్వమే, ఆ డబ్బు అడగడానికి పెట్టిన దారిలో మాత్రం పదివేళ్ళూ రెండు కళ్ళూ రెండు చెవులూ ఉన్న మనిషినే లెక్కలోకి తీసుకున్నది. 2011 జనగణనలోనే దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారని తేలింది. అందులో కార్ఖానా తయారు చేసిన వాళ్ళు మన వాళ్ళు. కాబట్టి ఇది ముమ్మాటికీ మన గొడవే.

ఒకప్పుడు యూనియన్ పని అంటే గేటు దగ్గర ఉండేది. ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి పోవడం, పి.ఎఫ్. కచ్చేరికి పోవడం, గుమాస్తాతో తగాదా పడటం, సాహెబును కలవడం. గుమాస్తా చెడ్డవాడైనా వాడికి కళ్ళున్నాయి. ఎదురుగా నిలబడ్డవాడికి చెయ్యి లేదని చూసి వాడే ఫారం నింపిన రోజులు మాకు తెలుసు. ఇప్పుడు ఆ కిటికీ ఫోనులోకి పోయింది. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదు 2021 ఆగస్టు 26న మొదలైంది, అది వెబ్‌సైటులోనే. పి.ఎఫ్. డబ్బు తీసుకోవాలన్నా వెబ్‌సైటే. 2025 ఆగస్టు 1 నుండి కొత్తగా పి.ఎఫ్.లో చేరే కార్మికుడి నంబరు పుట్టాలన్నా ఉమంగ్ యాప్‌లో మొహం చూపించాలని నిర్ణయించారు. అన్నిటికంటే విచిత్రమేమంటే, వికలాంగుడనే సర్టిఫికెట్ కూడా 2021 జూన్ 1 నుండి దేశమంతటా ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలని ఉత్తర్వు. చెయ్యి లేదని చెప్పుకోవడానికి ముందు చేత్తో టైపు చేయాలి!

(ఇక్కడ ఒక మాట. ఇ.ఎస్.ఐ. మెడికల్ బోర్డు వేసే శాతం వేరు, సివిల్ ఆసుపత్రి వికలాంగ సర్టిఫికెట్ మీద వేసే శాతం వేరు. మొదటిది సంపాదించే శక్తి ఎంత పోయిందనే లెక్క. రెండవది శరీరం లెక్క. ఒకటి ఉంటే రెండవది అక్కర లేదనుకొని మన వాళ్ళు చాలామంది నష్టపోతున్నారు. రెండూ తీసి పెట్టుకోండి.)

కంప్యూటర్‌కు మనం వ్యతిరేకం కాదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి. ఎనభైలలో, తొంభైలలో కంప్యూటర్ వస్తే ఉద్యోగాలు పోతాయని యూనియన్లు కొట్లాడిన మాట నిజం. అది వేరే చర్చ. కానీ రెండవ అంతస్తులో ఉన్న కచ్చేరికి కాళ్ళు లేని మనిషి ఎక్కలేడు. ఇంట్లో కూర్చుని ఫోనులోనే పని అయితే అందరికంటే ఎక్కువ లాభం అతనికే. ఎదుటివాడి మాట వినబడని మనిషికి గుమాస్తాతో మాట్లాడటం కంటే రాసి ఉన్నది చదువుకోవడమే సుఖం. సరిగ్గా తయారు చేస్తే వెబ్‌సైటు వికలాంగుడికి వరం. అందువల్లనే ఈ నిర్లక్ష్యం మరింత బాధ కలిగిస్తున్నది.

సరిగ్గా తయారు చేయడం అంటే ఏమిటో మేమూ తెలుసుకోవాలనుకున్నాం. మన బస్తీలోనే పుట్టుకతో చూపు లేని ఒక యువకుడున్నాడు. డిగ్రీ చదివాడు. వాళ్ళ నాన్న టవల్ కార్ఖానాలో పని చేస్తాడు. అతన్ని ఒక ఆదివారం ఆఫీసుకు పిలిచి కూర్చోబెట్టాం. అతని ఫోను మాట్లాడుతుంది. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడ ఏమి రాసి ఉన్నదో తెలుగులో చదివి చెబుతుంది. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ సౌకర్యం ముందే ఉన్నదట, పైసా ఖర్చు లేదు. మాలో ఎవరికీ ఇంతకాలం తెలియదు. కంప్యూటర్‌కు కూడా ఇట్లాంటిదే ఉచితంగా దొరుకుతుంది. ఎన్.వి.డి.ఎ. అని, ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు యువకులు 2006లో మొదలుపెట్టినది. చదివే వేగం మాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను మాత్రం సాంచా చప్పుడులో జాబర్ మాట పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాడు. మా ముందే స్నేహితుడికి మెసేజి పంపాడు, వార్తలు విన్నాడు, రైలు ఎప్పుడున్నదో చూశాడు.

తరువాత ఒక ప్రభుత్వ వెబ్‌సైటు తెరవమన్నాం. ఏ శాఖదో ఇక్కడ రాయడం లేదు. ఫోను ఏమి చదివిందో విన్నట్టు రాస్తున్నాం: "బటన్. బటన్. పేరులేని బటన్. ఇమేజ్. ఇమేజ్. లింక్. ఇక్కడ నొక్కండి. ఇక్కడ నొక్కండి. ఇక్కడ నొక్కండి." ఎక్కడ నొక్కాలి? ఎందుకు నొక్కాలి? చూపున్న వాడికి ఆ బటన్ మీద బొమ్మ కనబడుతుంది. బొమ్మ వెనుక రెండు మాటలు రాసి పెట్టి ఉంటే ఫోను ఆ మాటలు చదివేది. రాయలేదు. మనకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే, భీము మీద చీటీ కట్టలేదు. చీటీ లేని భీము తెచ్చి పడేసి, ఇది ఏ కౌంటో, ఎన్ని పోగులో నువ్వే చెప్పు అంటే ఏ కార్మికుడు చెప్పగలడు?

అట్లాగే తడుముకుంటూ లాగిన్ దాకా పోయాడు. అక్కడ వంకర టింకర అక్షరాల బొమ్మ వచ్చింది. క్యాప్చా అంటారు. మనిషో యంత్రమో తేల్చుకోవడానికి పెడతారు. ఫోను దాన్ని "ఇమేజ్" అని ఊరుకున్నది. ఇటువంటి చోట ఆ అక్షరాలను చదివి వినిపించే ఏర్పాటు కూడా ఉండాలని ప్రభుత్వం వారి మార్గదర్శక సూత్రాలే చెబుతున్నాయి. ఆ పేజీలో లేదు. అక్షరాలేమిటో నేను చదివి చెబితే అతను టైపు చేశాడు. అప్పటికి టైము అయిపోయింది, మళ్ళీ మొదటి నుండి రమ్మన్నది.

"నేను ఎవరి సాయం లేకుండా ఎం.ఏ.కు ఫీజు కట్టుకున్న అన్నా. ఇది మాత్రం నాతోని కాదు" అన్నాడు ఆ పిల్లవాడు. వాడి వేళ్ళు, చెవులు, తెలివి అన్నీ పని చేస్తున్నాయి. పని చేయనిది వెబ్‌సైటు.

ఒక్కొక్కరి అవస్థ ఒక్కొక్క రకం. చూపులేని వాడికి చదివి వినిపించాలి. వినికిడి లేని వాడికి అది పనికిరాదు, అతనికి అక్షరమే కావాలి. మన సభ్యుడొకరు ఒక అర్జీ తిరస్కరించారని తెలిసి కారణం అడగబోతే, "హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి" అని నంబరు ఇచ్చారు. చెవిటివాడికి ఫోను నంబరు! పాపం ఆయన పక్కింటి పిల్లతో ఫోన్ చేయిస్తే, అర్జీదారు స్వయంగా మాట్లాడాలన్నారు. ఒక చెయ్యి లేని వాడు ఫోనును నేల మీద పెట్టి ఒక్క వేలితో నొక్కుకుంటాడు. బొమ్మ ముక్కను వేలితో లాగి ఖాళీలో కూర్చోబెట్టు అంటే అతనికి కష్టం. చత్వారం వచ్చిన వాడికి బూడిద రంగు కాగితం మీద బూడిద రంగు అక్షరాలు కనబడవు. ఈ చివరి మాట వికలాంగులకే కాదు, యాభై దాటిన మనందరికీ వర్తిస్తుంది.

మనకు భాష కష్టం అదనం. ఇక్కడ ఫారాలు మరాఠీలో, ఇంగ్లీషులో ఉంటాయి. చూపున్న తెలుగు కార్మికుడు ఎవరితోనో చదివించుకుంటాడు. చూపు లేని వాడికి రెండు గోడలు. పైగా ఉత్తర్వులు స్కాన్ చేసి బొమ్మలుగా పెడతారు. బొమ్మను ఏ ఫోనూ నేరుగా చదవదు. 2017 నాటి రూల్సులోనే వెబ్‌సైటులో పెట్టే పత్రాలు యంత్రం చదవగలిగే రూపంలో ఉండాలని రాసి ఉన్నది.

అవును, చట్టం ఉన్నది. చట్టం లేక మనం ఏడవడం లేదు. వెబ్‌సైట్లు వికలాంగులకు పనికి వచ్చేట్టు ఎట్లా తయారు చేయాలో ప్రపంచస్థాయి సూత్రాలు 1999లోనే వెలువడ్డాయి. మన కేంద్ర ప్రభుత్వం తన వెబ్‌సైట్లకు సొంత సూత్రాలు 2009లో రాసుకున్నది, తరువాత రెండుసార్లు సవరించింది, మూడవ ప్రతి 2023లో వచ్చింది. 2015 డిసెంబరు 3న సుగమ్య భారత్ అని పెద్ద ఎత్తున ప్రచారోద్యమం మొదలుపెట్టారు. ఆ నెలలోనే ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో వికలాంగులను దివ్యాంగులు అనాలని సూచించారు. పేరు మారింది. మంచిదే కావచ్చు, మాకు అభ్యంతరం లేదు. బటన్‌కు కూడా ఒక పేరు పెట్టి ఉంటే ఇంకా మంచిది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో పార్లమెంటు ఆమోదించింది, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో 21 ఉన్నాయి. 42వ సెక్షన్ ప్రకారం అచ్చులో, శబ్దంలో, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారమంతా వికలాంగులకు అందే రూపంలో ఉండేట్టు ప్రభుత్వం చూడాలి. 46వ సెక్షన్ ప్రకారం సేవలు అందించేవారు, ప్రభుత్వమైనా ప్రైవేటు అయినా, రూల్స్ వచ్చిన రెండేండ్లలో దాన్ని పాటించాలి. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. లెక్క మీరే వేసుకోండి, 2019 జూన్‌కు గడువు దాటింది. ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి పదివేల రూపాయల దాకా, ఆ తరువాత ప్రతిసారీ యాభైవేల నుండి ఐదు లక్షల దాకా జరిమానా.

మరి ఎందుకు అమలు కాలేదు? దీనికి సుప్రీంకోర్టే జవాబు చెప్పింది. రాజీవ్ రాటూరి అనే చూపులేని పౌరుడు 2005లో వేసిన కేసులో 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. చట్టం "చేయవలెను" అంటుంటే, 2017 రూల్సులోని 15వ రూలు మాత్రం ఆ బాధ్యతను మార్గదర్శక సూత్రాల స్థాయికి దించిందని, ఇష్టముంటే చేయవచ్చు అన్నట్టుగా తయారైందని, అది చట్టానికే విరుద్ధమని కోర్టు కొట్టివేసింది. తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను విడిగా మూడు నెలల్లో తయారు చేయమని ఆదేశించింది. ఆ మూడు నెలలు 2025 ఫిబ్రవరితో తీరాయి. తీర్పు ఢిల్లీలో రావడం ఒకటి, అది మన పేటలోని సేవా కేంద్రం బల్ల దాకా రావడం ఒకటి. మిల్లు మూతల కేసుల్లో ఈ రెండింటి మధ్య దూరం ఎంతో మన పెద్దలు చూశారు.

రెండవ తీర్పు మన పెద్దాయన కథకు మరీ దగ్గర. యాసిడ్ దాడిలో మొహం, కళ్ళు దెబ్బతిన్నవారూ, చూపులేని ఒకరూ వేసిన కేసుల్లో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బ్యాంకు పనికి కెమెరా ముందు రెప్ప ఆర్పమన్నారు, మేము ఆర్పలేము అన్నదే వారి మొర. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టు ప్రకటించింది. ఇరవై ఆదేశాలు ఇచ్చింది. రెప్ప ఆర్పడం ఒక్కటే పద్ధతి కాకూడదు, వేరే పద్ధతులు పెట్టండి అన్నది. కాగితం మీద గుర్తింపు తీసుకునే పద్ధతి కొనసాగించమన్నది. వెబ్‌సైట్లను, యాప్‌లను ఎప్పటికప్పుడు తనిఖీ చేయించమన్నది. ఆ కేసు కె.వై.సి. గురించి. కానీ బ్యాంకు కెమెరా ముందు ఆర్పలేని రెప్ప పెన్షన్ కెమెరా ముందు ఆర్పగలమా? కచ్చేరి గుమాస్తా ఈసారి "కాగితం తీసుకోం" అంటే ఈ తేదీ చెప్పండి.

వేళ్ళు లేని వారు మరొకటి గుర్తుంచుకోవాలి. వేలిముద్ర లేదని ఆధార్ ఇవ్వకపోవడం కుదరదు. వేళ్ళు లేకుంటే కంటిపాపతో, అదీ లేకుంటే మినహాయింపు కింద నమోదు చేయాలని 2023 డిసెంబరులో కేంద్రం మళ్ళీ ఒకసారి స్పష్టం చేసింది. పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి బతికున్న సర్టిఫికెట్ తీసుకునే ఏర్పాటు కూడా 2020 నుండి ఉన్నది. మంచం పట్టిన వారికి అది మేలే. అయితే పోస్ట్‌మన్ చేతిలోనూ అదే వేలిముద్ర, అదే కెమెరా అన్నది మరువకండి.

"ఇంట్లో ఎవరో ఒకరు చేసి పెడతారు గదా, ఇందుకు ఇంత గొడవ ఎందుకు?" అనేవారున్నారు. చేసి పెడతారు. మనవడు చేశాడు, మూడు దినాల పగారు వదులుకొని. ఇంట్లో ఎవరూ లేని వారు ఏజెంటు దగ్గరికి పోతారు. యాభై, వంద అతని చేతిలో పెడతారు. దానితో పోతే ఫరవాలేదు. ఫోను అతని చేతికిస్తారు, ఓ.టి.పి. అతనే చూస్తాడు, పాస్‌వర్డ్ అతనే పెడతాడు, బ్యాంకు ఖాతా నంబరు అతనే నింపుతాడు. ఏమి నింపాడో చూపు లేని వాడు చూడలేడు. ముప్పయి ఏండ్ల పి.ఎఫ్. డబ్బు ఒక పరాయి మనిషి నిజాయితీ మీద ఆధారపడి ఉంటుంది. కార్ఖానాలో సేట్ హాజరీ పుస్తకం మనకు చూపించకుండా రాసుకుంటే ఒప్పుకున్నామా? ఇది ఎందుకు ఒప్పుకోవాలి?

ఖర్చు మాట కూడా ఎత్తుతారు. కట్టిన భవనానికి తరువాత వాలుబాట పెట్టాలంటే గోడలు పగలగొట్టాలి, నిజమే. వెబ్‌సైటు తయారు చేసేటప్పుడే బటన్‌కు పేరు పెట్టడానికి ఏ గోడ పగలగొట్టాలి? టెండరు కాగితంలో ఒక్క వాక్యం రాసి, పని తీసుకునే ముందు చూపులేని ఒక మనిషిని, చెయ్యి లేని ఒక మనిషిని కూర్చోబెట్టి చూస్తే చాలు. గుడ్డ కూడా అంతే గదా. తాకా చూడకుండా ఏ సేట్ అయినా డబ్బు ఇస్తాడా? తప్పు పడితే నేతగాడి కూలి కోస్తాడు. కోట్లు తీసుకొని చీటీ లేని భీములు అప్పగించే కంపెనీలకు ఆ కోత ఎందుకు లేదు?

ఇంతా రాసి మన తప్పు దాచుకుంటే న్యాయం కాదు. ఈ పత్రికను మనం ఏండ్లుగా పాత డి.టి.పి. ఫాంట్లలో కూర్చుతున్నాం. పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాం. ఆ ఆదివారం వచ్చిన యువకుడి ఫోనులో మన పత్రికను తెరిస్తే ఏమి చదివిందో తెలుసా? "ఇమేజ్." అంతే. ప్రభుత్వం చేసిన తప్పే మనమూ చేశాం. ఆ గదిలో ఉన్న నలుగురం కాసేపు మాట్లాడలేదు. ఈ సంచిక నుండి యూనికోడ్ అక్షరాల్లో కూడా పంపుతున్నాం, ఫోను చదువుతుంది. మన ఆఫీసు మేడ మీద ఉన్న సంగతి కూడా కమిటీ ముందు పెట్టాం. కింద గది అద్దె ఎక్కువ అని కోశాధికారి అన్నారు. ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి ఆదివారం పొద్దున పది నుండి పన్నెండు దాకా కింద టీ హోటల్ పక్కన బల్ల వేసుకొని కూర్చుంటాం. మెట్లు ఎక్కలేని వారు అక్కడికే రండి.

వచ్చేటప్పుడు ఏమి తేవాలంటే, ఏ వెబ్‌సైటులో ఏ పేజీ దగ్గర ఆగిపోయిందో రాసుకొని, తేదీ వేసి, వీలుంటే తెర ఫోటో తీయించి తీసుకురండి. "ఆన్‌లైన్ కావడం లేదు" అని గాలిలో చెబితే ఏ కచ్చేరీ వినదు. "ఫలానా రోజు ఫలానా పేజీలో క్యాప్చాకు వినిపించే ఏర్పాటు లేదు" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. ప్రతి ప్రభుత్వ వెబ్‌సైటుకు ఒక బాధ్యుడైన అధికారి ఉండాలి, ఆయన పేరు, చిరునామా సైటులోనే పెట్టాలి. ఇది కూడా ప్రభుత్వం వారి సూత్రమే. మొదటి ఉత్తరం ఆయనకు. జవాబు రాకుంటే కేంద్ర శాఖల మీద ఢిల్లీలోని వికలాంగుల ప్రధాన కమిషనర్‌కు, మహారాష్ట్ర శాఖల మీద పుణేలోని రాష్ట్ర కమిషనర్‌కు. ఉత్తరం మరాఠీలో గాని ఇంగ్లీషులో గాని యూనియన్ లెటర్‌హెడ్ మీద మేము రాసి పెడతాం. ఇందుకు రుసుము లేదు, సభ్యత్వం లేని వారైనా సరే.

పెద్దాయన విషయంలో మొదటి ఉత్తరం వేసేశాం. వేలిముద్ర పడలేదు, రెప్ప ఆర్పడం సాధ్యం కాదు, సివిల్ ఆసుపత్రి సర్టిఫికెట్ నకలు జతపరచాం, కాగితం మీద తీసుకోవలసింది, లేదా ఎందుకు తీసుకోరో రాతపూర్వకంగా తెలుపవలసింది అని రాసి, ఆయన వేలిముద్ర వేయించి స్పీడ్ పోస్టులో పంపాం. రసీదు ఆఫీసులో ఉన్నది. ఈ సంచిక అచ్చుకు పోయే నాటికి జవాబు రాలేదు, పెన్షన్ కూడా రాలేదు. వచ్చే ఆదివారం ఆయన్ని వెంట తీసుకొని ఎవరెవరు కచ్చేరికి పోవాలో నిర్ణయిస్తాం. సోమవారం పొద్దున పాళీ లేని వారు పేరు ఇవ్వండి.